పెంచడం, సాకడం, పోషించడం, చూసుకోవడం: ఏ మాట ఎక్కడ వాడాలి

"మీ చిన్నారి ప్రతిభను పోషిస్తాం." "మీ బిడ్డ ఎదుగుదలను పెంపొందిస్తాం." స్కూలు కరపత్రాల్లో, ఆసుపత్రి బోర్డుల మీద, స్వచ్ఛంద సంస్థల రిపోర్టుల్లో ఈ తరహా తెలుగు తరచూ కనిపిస్తోంది. ఇంగ్లీషులో 'నర్చర్' అని ఒకే మాట ఉంటుంది. తెలుగు చేసేవాళ్లు నిఘంటువులో మొదట కనపడ్డ అర్థాన్ని తీసుకుని అన్నిచోట్లా దాన్నే అతికిస్తారు. వ్యాకరణం తప్పదు గానీ విజయవాడలో ఏ తల్లీ తన పిల్లల గురించి అలా మాట్లాడదు.

ఈ పనికి తెలుగులో ఒక్క మాట చాలదు. ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నారు, పెరిగేది ఏమిటి, భారం ఎవరిది అన్నదాన్ని బట్టి మాట మారిపోతుంది. కరపత్రాలు రాసేవాళ్లకు, అనువాదాలు చేసేవాళ్లకు, పిల్లలతో వ్యాసాలు రాయించే టీచర్లకు పనికొచ్చేలా ఆ ఎంపికను మెట్లు మెట్లుగా చెబుతాను.

మొదటి మెట్టు: పెరిగేది ఏమిటో తేల్చుకోండి

పంటైతే 'సాగు'. మిర్చి సాగు, పత్తి సాగు, పసుపు సాగు. 'మిర్చి పెంపకం' అని గుంటూరు యార్డులో అనండి, అవతలి మనిషి మీరు కుండీలో రెండు మొక్కలు వేసుకున్నారనుకుంటాడు. అదే చెట్లయితే పెంపకమే: మొక్కల పెంపకం, టేకు పెంపకం. కోళ్లు, గొర్రెలు, తేనెటీగలు, పట్టుపురుగులు, అన్నిటికీ పెంపకమే. రొయ్యలు మాత్రం రెండింటి మధ్యా ఉన్నాయి. చెరువును కౌలుకు తీసుకుని చేసే పని కాబట్టో ఏమో, కోస్తాలో రొయ్యల సాగు అన్నమాటే ఎక్కువ వినిపిస్తుంది.

పిల్లలకు పెంపకం, పెంచడం, పెంచి పెద్దచేయడం. ఈ మూడింట్లో 'పెంచి పెద్దచేయడం' చాలా పాత మాటలా అనిపిస్తుంది, కానీ ఇప్పటికీ దానంత నిండుగా ఉన్నది ఇంకొకటి లేదు. పాలు పట్టడం దగ్గర్నుంచి పెళ్లి చేయడం దాకా అన్నీ అందులో ఉన్నాయి.

గుణాలకు, నైపుణ్యాలకు 'పెంపొందించు'. ఆత్మవిశ్వాసాన్ని పెంపొందించవచ్చు, చదివే అలవాటును పెంపొందించవచ్చు, రెండు ఊళ్ల మధ్య స్నేహాన్ని పెంపొందించవచ్చు. మనిషిని మాత్రం పెంపొందించలేం. కరపత్రాల్లో నూటికి తొంభై తప్పులు ఇక్కడే వస్తాయని నా నమ్మకం. ప్రతిభ సంగతికొస్తే దానికి సహజమైన మాట 'సానపట్టడం'. ప్రతిభను పోషించడం అంటే దానికి మూడు పూటలా అన్నం పెడుతున్నట్టుంటుంది.

రెండో మెట్టు: ఇచ్చేది ఏమిటో చూడండి

తిండి ఇస్తే పోషించడం. డబ్బు ఇచ్చినా పోషించడమే. కుటుంబ పోషణ అంటే ఇల్లు గడిపే బాధ్యత. ఆటోనగర్‌లో మెకానిక్‌గా చేస్తూ ఇంటిని లాక్కొచ్చే మనిషి గురించి రాసేటప్పుడు 'కుటుంబాన్ని పోషిస్తున్నాడు' అనొచ్చు. కష్టం కూడా కనపడాలంటే 'నెట్టుకొస్తున్నాడు' అనండి. గ్రంథాలయాలకు, పత్రికలకు డబ్బిచ్చి నిలబెట్టేవాళ్లను పోషకులనీ, ఎక్కువ ఇచ్చేవాళ్లను రాజపోషకులనీ అనడం కూడా ఈ కొమ్మలోదే.

కష్టం మీద బతికించడం 'సాకడం'. "కూలికెళ్లి ముగ్గురు పిల్లల్ని సాకింది" అన్న వాక్యంలో 'పెంచింది' అని పెట్టి చూడండి, కూలి పని బరువు సగం తగ్గిపోతుంది. తెలంగాణలో దీనికి 'సాదుడు' ఉంది. 'సాకు' అనే నామవాచకానికి, అంటే వంకకు, దీనితో సంబంధం లేదు. అయినా "సాకులు", "సాకుతూ" ఒకే పేరాలో పడితే చదివేవాడు తడబడతాడు, విడదీయండి.

పశువులకు మేత వేయడం 'మేపడం'. మనిషికి వాడితే తిట్టు. "పాతికేళ్లొచ్చినా వాణ్ణి కూర్చోబెట్టి మేపుతున్నారు" అనే మేనత్త ఏ కుటుంబంలోనైనా ఉంటుంది. కథ రాసేవాళ్లకు బంగారం లాంటి మాట, రిపోర్టు రాసేవాళ్లకు పనికిరాదు.

కాపు, అంటే రక్షణ, ఇస్తే కాపాడటం, సంరక్షించడం. రోగికి చేస్తే సేవ, సపర్య, శుశ్రూష. ముద్దు ఇస్తే లాలించడం, ఎక్కువైతే గారాబం. బుద్ధి నేర్పితే తీర్చిదిద్దడం. తిండి, కాపు, ముద్దు మూడూ కలిపి చెప్పాలంటే 'ఆలనాపాలనా' అనే జంట మాట ఉంది. దాన్ని విడగొడితే చెడిపోతుంది. 'ఆలన' ఒక్కటే ఎవరూ అనరు, 'పాలన' ఒక్కటే అంటే సచివాలయం గుర్తొస్తుంది.

మూడో మెట్టు: 'కొను' కలిపి చూడండి

ఇది నిఘంటువులో దొరకదు, చెవితో పట్టుకోవాలి. క్రియకు 'కొను' చేరగానే పని చేసేవాడికి ఆ పనిలో మమకారమో స్వార్థమో వచ్చేస్తుంది.

"మేనమామ పెంచాడు" అంటే అమ్మానాన్నలు దగ్గర లేకనో, చదువు కోసమో, పిల్లవాడు మేనమామ ఇంట్లో పెరిగాడు. "మేనమామ పెంచుకున్నాడు" అంటే కొడుకుగా తీసుకున్నాడు. రెండు అక్షరాల తేడాలో ఆస్తి హక్కుల గొడవ ఉండొచ్చు. అందుకే కేసు హిస్టరీలు రాసే సోషల్ వర్కర్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. ఇంటివాళ్లు "పెంచుకున్నాం" అన్నంత మాత్రాన 'దత్తత' అని రాయకూడదు. దత్తత చట్టం మాట. హిందువులకైతే 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం కన్నవాళ్లు ఇవ్వడం, పెంచుకునేవాళ్లు పుచ్చుకోవడం జరగాలి. అది జరిగిందని తెలిస్తేనే ఆ మాట వాడండి, లేకపోతే వాళ్లన్నట్టే 'పెంచుకున్నారు' అని రాయండి.

"కోళ్లు పెంచుతున్నారు" వ్యాపారం. "నాలుగు కోళ్లు పెంచుకుంటున్నారు" పెరటి సంగతి. "కుక్కల్ని పెంచుతాడు" అంటే అమ్ముతాడేమో అని అడగాలనిపిస్తుంది. "కుక్కని పెంచుకుంటున్నాడు" అంటే అడగాల్సిన పనేమీ లేదు.

చూడటం, చూసుకోవడం ఇంకా సున్నితం. "కోడలు బాగా చూస్తుంది" అంటే మర్యాదగా, ప్రేమగా మెలుగుతుందని. "కోడలే చూసుకుంటుంది" అంటే మందులు, భోజనం, స్నానం అన్నీ ఆమె చేతి మీదే నడుస్తున్నాయని. మొదటిదానికి ఒకే ఊళ్లో ఉండక్కర్లేదు, రెండోదానికి ఒకే ఇంట్లో ఉండాలి. 'కాచు' దగ్గర మాత్రం ఈ సూత్రం పూర్తిగా తిరగబడుతుంది. కాచేవాడు రక్షకుడు, కాచుకుని కూర్చున్నవాడు దొంగ.

'పెంపుడు' అనే విశేషణం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది రెండు వైపులా పనిచేస్తుంది. పెంపుడు కొడుకు పెరిగినవాడు, పెంపుడు తల్లి పెంచినది. పెంపుడు తల్లికీ సవతి తల్లికీ తేడా తెలియని అనువాదాలు కనపడుతుంటాయి, అవి కుటుంబాలనే మార్చేస్తాయి.

నాలుగో మెట్టు: పెరగడం, ఎదగడం వేరు చేయండి

ఇప్పటిదాకా పెంచేవాళ్ల వైపు నుంచి చూశాం. పెరిగేవాళ్ల వైపు మాటలు వేరే ఉన్నాయి.

'పెరగడం' కొలతకు లొంగేది. జుట్టు, గోళ్లు, ధరలు, కృష్ణలో నీటిమట్టం, పిల్లల ఎత్తు, బరువు. 'ఎదగడం' మనిషిది. ఎదిగిన కొడుకు అంటే పొడవైన కొడుకని కాదు, బాధ్యత తెలిసిన వయసుకు వచ్చినవాడని. జీతం ఏళ్ల తరబడి అక్కడే ఉంటే ఎదుగూ బొదుగూ లేదంటాం.

వీటి వ్యాకరణంలో ఒక విశేషం ఉంది. పెరుగుకు ప్రేరణ రూపం 'పెంచు' ఉంది, ఒకరు ఇంకొకర్ని పెంచవచ్చు. ఎదుగుకు అలాంటి రూపం మాట్లాడే తెలుగులో దాదాపు వినపడదు. 'ఎదిగించాను' అని ఎవరూ అనరు. ఎదగనిచ్చాను, ఎదిగేలా చూశాను, ఎదుగుదలకు తోడ్పడ్డాను అంటారు. పెంచడం తల్లిదండ్రుల పని, ఎదగడం పిల్లల పని అని భాషే వాటాలు వేసి పెట్టింది. కాబట్టి 'మీ పిల్లల్ని ఎదిగిస్తాం' అని రాయబోయినప్పుడు కలం ఆపి 'మీ పిల్లలు ఎదిగేందుకు చోటిస్తాం' అని మార్చండి. వాక్యంలో పెద్దరికం తగ్గి నిజం పెరుగుతుంది.

మిగతావి చకచకా. 'వృద్ధి' లెక్కల పుస్తకాల మాట, వృద్ధి రేటు. ఇళ్లలో మాత్రం దీవెనగా బతికుంది, "వృద్ధిలోకి రా నాయనా" అని. 'అభివృద్ధి' రోడ్లకు, కాలనీలకు, రాజధానికి. మన ప్రభుత్వ శాఖ పేరు మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ. ఆడవాళ్లకు అభివృద్ధి ఇచ్చి, పిల్లలకు సంక్షేమం ఇచ్చారు, ఎవరో ఆలోచించే పెట్టినట్టున్నారు. 'వికాసం' బుద్ధికి, మనసుకు: మనోవికాసం, వ్యక్తిత్వ వికాసం. 'వర్ధిల్లు' దీవెనల్లోనూ నినాదాల్లోనూ వస్తుంది. దాని చుట్టమే కదా అని సంస్థ పుట్టినరోజును 'వర్ధంతి' అని రాసేరు! తెలుగులో అది చనిపోయిన రోజుకే వాడతాం. వార్షికోత్సవం అనండి.

అయిదో మెట్టు: పొలం మాటలు పొలం నుంచే తెచ్చుకోండి

ఇంగ్లీషు వ్యాసాల్లో మనుషుల ఎదుగుదలకు మొక్కల పోలిక మామూలే. దాన్ని తెలుగు చేసేటప్పుడు 'మొక్కను పోషించండి' అని రాస్తే గుంటూరు రైతు నవ్వుతాడు. ఆయన దగ్గర ఒక్కో దశకు ఒక్కో మాట ఉంది.

మిరపకు జులై, ఆగస్టుల్లో నారు పోస్తారు. 'పోయడం' అంటే ఇక్కడ విత్తనం చల్లి నారుమడి పెంచడం. ఇప్పుడు చాలామంది షేడ్‌నెట్ నర్సరీల్లో ట్రేల్లో పెంచిన నారు కొని తెచ్చుకుంటున్నారు. సుమారు ఆరు వారాల నారును పొలంలో నాటుతారు. ఆ తర్వాత మొక్క నిలదొక్కుకోవాలి. ఆపైన వరసల మధ్య మట్టిని గుల్ల చేసే గుంటక తోలడం, కలుపు తీయడం, పైపాటు ఎరువు వేయడం, పురుగు మందు కొట్టడం. గుంటూరు దగ్గర లాంలో ఉన్న ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రచురణల్లో ఇదే పనికి అంతర కృషి, సస్యరక్షణ అనే మాటలు కనిపిస్తాయి. రెండూ సరైనవే. రైతుకు కరపత్రమైతే మొదటి వరస, శాఖకు రిపోర్టయితే రెండో వరస. బాగా వస్తే మొక్క ఏపుగా పెరిగింది. దెబ్బతింటే గిడసబారింది.

కృష్ణా డెల్టాలో వరి మాటలు ఇంకా అందంగా ఉంటాయి. నాటిన పైరు కొత్త నేలలో వేరు పట్టి పచ్చబడితే మూన తిరిగిందంటారు. తర్వాత పిలకలు వేస్తుంది, దుబ్బు కడుతుంది. చిరుపొట్ట దశ, పొట్ట దశ, అంటే వెన్ను ఇంకా ఆకు తొడుగులోనే ఉండే దశ. చేను పొట్ట మీద ఉన్నప్పుడు నీళ్లు తగ్గితే రైతుకు పట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆపైన ఈనుతుంది, అంటే వెన్ను బయటికొస్తుంది, గింజ పాలు పోసుకుంటుంది, గట్టిపడుతుంది. పొట్ట, ఈనడం, పాలు! ఆవుకు, వరికి ఒకే మాటలు. ఎవరూ కూర్చుని అలంకారం చేయలేదు, చేలో నిలబడి చూసినవాళ్లకు అలా అనిపించింది, అంతే.

ఈ మాటలను మనుషులకు తెచ్చి వాడటంలో తప్పులేదు, మోతాదు తెలియాలి. కొత్త ఊరికి బదిలీ మీద వచ్చి కుదురుకున్న కుటుంబాన్ని 'మూన తిరిగారు' అని కథలో ఒకసారి అంటే ముచ్చటగా ఉంటుంది. హెచ్ఆర్ రిపోర్టులో అంటే ఉండదు.

ఆరో మెట్టు: ఆఫీసు మాట, ఇంటి మాట కలపకండి

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద, పిల్లలు చూడని పెద్దవాళ్లు ట్రైబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ 'పోషణ' సరైన మాట. నెలనెలా ఇచ్చే డబ్బు గురించి అది. కానీ ఇంట్లో "మా అమ్మని నేను పోషిస్తున్నాను" అని ఎవరన్నా అంటే, ఆ అమ్మ వింటే, ఆ పూట అన్నం ముట్టదు. "ఏవండీ, మీ అమ్మగారు ఎవరి దగ్గరుంటున్నారు?" అని పక్కింటావిడ అడిగితే "మా దగ్గరేనండి" అనడంతో సరిపోతుంది. ఇంకొంచెం తెలిసినవాళ్లు "మేమే అమ్మ దగ్గరుంటున్నామండి" అంటారు, ఇల్లు కొడుకు పేరు మీదున్నా సరే.

భార్యకు కోర్టు ఇప్పించే డబ్బు భరణం, మనోవర్తి. పేపర్లలో భరణం ఎక్కువ, కోర్టు కాగితాల్లో మనోవర్తి ఎక్కువ. స్కూలు అప్లికేషన్లలో ఉండే 'సంరక్షకుడు' కూడా చట్టం నుంచి వచ్చిన మాటే. తండ్రి లేని పిల్లవాడితో మాట్లాడేటప్పుడు "నీ సంరక్షకుడు ఎవరు?" అనకండి, "ఇంట్లో నిన్నెవరు చూసుకుంటారు నాన్నా?" అని అడగండి. ఫారంలో రాసుకునేది ఏదైనా, అడిగేది ఇలా ఉండాలి.

అంగన్‌వాడీలకు, తల్లులకు కరపత్రాలు రాసేవాళ్లకు ఒక మాట. కేంద్రం 2018లో పోషణ్ అభియాన్ అనే పోషకాహార పథకం మొదలుపెట్టాక 'పోషణ' ఊరూరా తెలిసింది, వాడుకోవచ్చు. పోషకాహారం, పౌష్టికాహారం రెండూ చెల్లుతాయి. పుష్టి నుంచి వచ్చింది కాబట్టి 'పౌష్టిక'లో ట ఒత్తే ఉండాలి, ఠ ఒత్తు పెట్టకండి. కానీ తల్లికి చెప్పేటప్పుడు "బిడ్డకు పోషకాలు అందడం లేదు" కన్నా "బిడ్డ ఒళ్లు చేయడం లేదు" త్వరగా అందుతుంది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి రాస్తే, ఆమె మాట ద్వారా మీ మాట కూడా తెలుస్తుంది.

ఏడో మెట్టు: రంగు మారిన మాటలను గుర్తుపట్టండి

'పెంచి పోషించు' ఒకప్పుడు మంచి మాట. ఇప్పుడు పేపర్లలో అవినీతిని, రౌడీయిజాన్ని, ఉగ్రవాదాన్ని పెంచి పోషిస్తున్నారు. ఆ కంపు అంటుకుంది. అనాథాశ్రమం గురించి రాస్తూ 'అనాథలను పెంచి పోషిస్తోంది' అంటే ఎక్కడో తేడా కొడుతుంది. 'ప్రోది చేయు'కు పాత అర్థం పెంచడం, పోషించడం. వార్తల్లో మాత్రం ఆధారాలు పోగుచేయడానికి వాడుతున్నారు.

'అల్లారుముద్దుగా' అనే మాట వార్తల్లో కనపడగానే గుండె గుబేలుమంటుంది, ఎందుకంటే దాని తర్వాత వచ్చేది ఎప్పుడూ ప్రమాద వార్తే. స్కూలు కరపత్రంలో పెట్టకండి. 'కంటికి రెప్పలా' బాగా అరిగిపోయింది. నాకైతే వీటన్నిట్లో 'కడుపులో పెట్టుకుని చూసుకుంది' ఇష్టం. తల్లికి వాడం, తల్లి కానివాళ్లకు వాడతాం. అత్తగారు, హాస్టల్ వార్డెన్, ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ఆదుకున్న ఇంటి ఓనరు.

'పాత్ర పోషించు' మాత్రం చెక్కుచెదరలేదు. పద్యనాటకాలకు పేరుపడ్డ తెనాలి ప్రాంతంలో ఆ మాటకు గౌరవం ఎక్కువ. బాపట్లలో పుట్టి, ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు సత్యభామ పాత్ర పోషణ గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ 'విద్య కీలక పాత్ర పోషిస్తుంది' అనే వాక్యాన్ని మీ రాతలోంచి తీసేసి చూడండి, ఏమీ పోదు.

చివరి మెట్టు: రాసింది మార్చి చూడండి

మొదట్లో చెప్పిన తరహా కరపత్రం ఒకటి తీసుకుందాం. "మా పాఠశాల పోషణాత్మక వాతావరణంలో మీ చిన్నారుల ప్రతిభను పోషించి, వారి సమగ్ర అభివృద్ధిని పెంపొందిస్తుంది."

పెరిగేది ఎవరు? పిల్లలు. ఇచ్చేది ఏమిటి? తిండి కాదు, ఆసరా, చదువు. కాబట్టి పోషించు పోతుంది. ప్రతిభ ఉంది కాబట్టి సానపట్టడం వస్తుంది. ఎదుగుదల పిల్లలది కాబట్టి బడి పక్కకు జరగాలి. మార్చాక: "మీ పిల్లల్లో ఉన్న తెలివిని గుర్తించి సానపడతాం. భయం లేకుండా అడిగేలా, ఆడుకునేలా, తమంతట తాము ఎదిగేలా చూస్తాం." పెద్ద మాటలు పోయాయి, బడి ఏం చేస్తుందో తెలిసింది. నిజంగా చేయని బడి ఈ వాక్యం రాయడానికి జంకుతుంది, అదీ మంచిదే.

అనుమానం వచ్చినప్పుడు ముందు పైకి చదవండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకు వినిపించండి, మొహం చిట్లిస్తే మాట మార్చండి. పాత అర్థం కావాలంటే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం చూడొచ్చు, రెండూ ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు. వాటిలో క్రియలు 'ఉ'తో ముగుస్తాయి, కాబట్టి పెంచడం కోసం 'పెంచు' అనీ, సాకడం కోసం 'సాకు' అనీ వెతకాలి. వ్యవసాయం మాటలకైతే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం ఉంది. ఏ జిల్లాలో ఏమంటారో అందులో విడివిడిగా ఇచ్చారు. విజయవాడ ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో కనపడితే బేరం ఆడకుండా కొనేయండి.